మాస్లెనిత్స, మజాన్న, పిట్ట రొట్టెలు: తేదీలు, పిండి కొలతలు, గడ్డిబొమ్మ

కుండలో_పిండి అడిగారు:

స్లావ్ దేశాల్లో చలికాలాన్ని సాగనంపే ఆచారాల గురించి చదువుతున్నాను. ఒక్కో చోట ఒక్కోలా ఉంది, అన్నీ కలిపి చూస్తే ఏదీ పొంతన కుదరడం లేదు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పగలరా?

మొదటిది తేదీ. రష్యాలో మాస్లెనిత్స ఒక ఏడాది ఫిబ్రవరిలో వస్తే ఇంకో ఏడాది మార్చి మధ్యకు పోతోంది. పోలండ్‌లో చలికాలానికీ చావుకూ గుర్తుగా చేసే మజాన్న అనే గడ్డిబొమ్మను మార్చి 21న ముంచుతారని ఒకచోట, ఈస్టర్‌ను బట్టి మారుతుందని ఇంకోచోట రాశారు. రెండోది తిండి. మాస్లెనిత్సకు చేసే బ్లినీలో, అంటే పల్చని అట్లలో (ఒక్కదాన్ని బ్లిన్ అంటారు), పాలు, గుడ్లు, వెన్న ధారాళంగా పోస్తారు. ఆ తర్వాత కొన్ని వారాలకే చేసే పిట్ట ఆకారపు రొట్టెల్లో మాత్రం గుడ్డు వాసన కూడా తగలకూడదంటారు. రెండూ వసంతాన్ని పిలిచే వంటలే కదా, ఎందుకీ తేడా? మూడోది గడ్డిబొమ్మ. దాన్ని కాల్చాలా, నీళ్లలో ముంచాలా? కొలతలతో సహా చెబితే మరీ మంచిది.

పాత_క్యాలెండర్:

మీరు అడిగిన మొదటి రెండిటికీ జవాబు ఒక్కచోటే ఉంది. ఈస్టర్‌కు ముందు వచ్చే పెద్ద ఉపవాసాలకు ఆ ఆచారం ముందు పడుతుందా, మధ్యలో పడుతుందా అని చూడండి. తేదీ, తిండి రెండూ అక్కడే తేలిపోతాయి.

మాస్లెనిత్స ఉపవాసాలకు ముందు వారం. ఆర్థడాక్స్ (రష్యా లాంటి చోట్ల ఉన్న తూర్పు క్రైస్తవ సంఘాల) ఈస్టర్ నుంచి 49 రోజులు వెనక్కి లెక్కపెడితే వచ్చే ఆదివారమే దాని ఆఖరి రోజు, దాన్నే క్షమాపణల ఆదివారం అంటారు. ఆ రోజు ఒకరినొకరు క్షమించమని అడుగుతారు, "దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నాను" అన్నది మామూలుగా వచ్చే జవాబు. మర్నాడు సోమవారం నుంచి ఉపవాసం. 2024లో ఈస్టర్ మే 5 కాబట్టి మాస్లెనిత్స మార్చి 11 నుంచి 17 దాకా వచ్చింది. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20, అందువల్ల ఫిబ్రవరి 24 నుంచి మార్చి 2. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 12, అంటే ఫిబ్రవరి 16 నుంచి 22. ఏటా మారేది మాస్లెనిత్స కాదు, ఈస్టర్. ఇది దాని తోక పట్టుకుని తిరుగుతుంది.

కాథలిక్ స్లావ్‌ల లెక్క వేరు. పోలండ్, చెక్, స్లొవాకియా, స్లొవేనియా, క్రొయేషియాల్లో ఉపవాసం బుధవారం మొదలవుతుంది, అది భస్మ బుధవారం. 2025లో రెండు సంప్రదాయాల ఈస్టరూ ఒకే రోజు వచ్చింది, అయినా రష్యాలో మార్చి 3 సోమవారం, పోలండ్‌లో మార్చి 5 బుధవారం ఉపవాసాలు పట్టారు. 2027లో చూడండి: పాశ్చాత్య (కాథలిక్) ఈస్టర్ మార్చి 28, ఆర్థడాక్స్ ఈస్టర్ మే 2. రష్యాలో మాస్లెనిత్స మార్చి 8న మొదలయ్యే సరికి పోలండ్‌లో ఉపవాస కాలం సగం దాటిపోయి ఉంటుంది. అందుకే "స్లావ్‌ల శీతాకాల పండుగ ఫలానా తేదీ" అని ఎవరైనా ఒక్క తేదీ రాస్తే నమ్మకండి.

ఇక తిండి. మాస్లెనిత్సకు ముందు ఆదివారంతో మాంసం ఆగిపోతుంది. ఆ వారమంతా పాలు, వెన్న, జున్ను, గుడ్లు, చేపలు తినొచ్చు. మామూలుగా ఉపవాసం ఉండే బుధ, శుక్రవారాలకు కూడా ఆ వారం మినహాయింపు ఉంది. సోమవారం వచ్చేసరికి ఇవన్నీ బంద్. ఇంట్లో ఉన్న పాలు, వెన్న, గుడ్లు ఖర్చయిపోవాలంటే బ్లినీ కంటే మంచి దారి ఏముంది? పోలండ్‌లో అలాంటి మాంసం లేని వారం లేదు. భస్మ బుధవారానికి ముందు గురువారం పాంచ్కీ అనే, లోపల జామ్ పెట్టిన ఉండలు తింటారు. పాత పద్ధతిలో వాటిని పంది కొవ్వులోనే వేయిస్తారు. అదే వంట రష్యాలో మాస్లెనిత్స వారంలో చేస్తే నియమం తప్పినట్టే.

మజాన్న ఉపవాసాల మధ్యలో పడుతుంది. పాత లెక్కలో అది ఉపవాస కాలపు నాలుగో ఆదివారం, అంటే ఈస్టర్‌కు మూడు వారాల ముందు. చెక్, స్లొవాక్ ఊళ్లలో ఐదో ఆదివారం, దాన్ని మృత్యు ఆదివారం అంటారు. మార్చి 21 అన్నది తర్వాత వచ్చిన బడి అలవాటు. వసంతం మొదటి రోజు అని పిల్లలు బడి ఎగ్గొట్టే రోజు కూడా అదే. నిజానికి ఇప్పుడు విషువత్తు, అంటే పగలు రాత్రి సమానమయ్యే రోజు, ఎక్కువ ఏళ్లలో మార్చి 20నే వస్తోంది, ఆచారం మాత్రం 21నే పట్టుకుని ఉంది. కాబట్టి మీరు చదివిన రెండు మాటలూ నిజమే.

పెనం_ముందు:

పాత_క్యాలెండర్ గారు చెప్పినదానికి వంట సంగతి కలుపుతాను. ఇంటర్నెట్లో కనబడే బ్లినీ వంటకాల్లో చాలావాటిలో ఈస్ట్ ఉండదు. పాత పద్ధతి బ్లినీ పులిసిన పిండితోనే. 22 సెంటీమీటర్ల పెనం మీద 16 నుంచి 18 వస్తాయి ఈ కొలతకు.

ముందు పులియబెట్టే ముద్ద. 300 మి.లీ. పాలు గోరువెచ్చగా, 35 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. అందులో 5 గ్రాముల డ్రై ఈస్ట్, ఒక పెద్ద చెంచా చక్కెర, 200 గ్రాముల మైదా కలిపి మూతపెట్టి వదిలేయండి. 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. గడియారం కంటే పిండిని చూడటం మేలు: రెండింతలు పొంగి, నడిమి భాగం కాస్త కుంగడం మొదలైనప్పుడు తీయాలి. అప్పుడు రెండు గుడ్ల పచ్చసొనలు, కరిగించిన వెన్న 50 గ్రాములు, ఒక చిన్న చెంచా ఉప్పు, 100 గ్రాముల బక్‌వీట్ పిండి, మరో 150 మి.లీ. గోరువెచ్చని పాలు చేర్చి ఉండల్లేకుండా కలిపి ఇంకో గంట పులవనివ్వాలి. తర్వాత మరిగే పాలు 150 మి.లీ. సన్నని ధారగా పోస్తూ కలపాలి. ఈస్ట్ చచ్చిపోతుందని భయం వద్దు, మొత్తం పిండి వేడి 40 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఒక్కసారిగా గుమ్మరిస్తే మాత్రం పోసినచోట పిండి ఉడికి గడ్డ కడుతుంది. చివర తెల్లసొన నురగొచ్చేలా గిలక్కొట్టి మెల్లగా కలిపి, 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి.

కదపకుండా అన్న మాట ముఖ్యం. పిండి తీసేటప్పుడు గరిటెతో గిన్నె మధ్యలో తిప్పకూడదు, అంచు దగ్గర నుంచి తీసుకోవాలి. తిప్పితే బుడగలు పోతాయి, బ్లినీ మీద చిల్లులు రావు. ఒక్కోదానికి 60 మి.లీ. చాలు.

పెనం ఇనుపదైతే మంచిది. వెన్నను నేరుగా గుమ్మరించకుండా సగం కోసిన ఉల్లిపాయను ఫోర్క్‌కు గుచ్చి నూనెలో ముంచి రాస్తే పొర పల్చగా, సమంగా పడుతుంది. పంది కొవ్వు ముక్కతో రాసే అలవాటు కూడా ఉంది, కానీ ఈ వారానికి అది పనికిరాదు, కారణం పైన చెప్పారు. రష్యన్లలో ఒక సామెత ఉంది, మొదటి బ్లిన్ ముద్దవుతుందని. పెనం నడుమ కాగి అంచులు కాగకపోవడమే దానికి అసలు కారణం. సన్నని మంట మీద ఐదు నిమిషాలు ఊరికే కాగనిచ్చి, తర్వాత మంట పెంచండి. మొదటిది ఎలాగూ పిండిని పరీక్షించడానికే: గట్టిగా పరచుకుంటే రెండు చెంచాల గోరువెచ్చని పాలు, చిరిగితే ఒక చెంచా మైదా.

కుండలో_పిండి:

చాలా సాయం చేశారండి. బక్‌వీట్ పిండి ఒక్కదానితోనే చేయొచ్చా? పాత వంటల్లో అదే ఎక్కువని చదివాను. ఒక్కోసారి బ్లినీ అడుగు మాడి పైన పచ్చిగా ఎందుకుంటుంది?

పెనం_ముందు:

చేసేవాళ్లున్నారు, కానీ అలవాటు లేని చెయ్యికి కష్టం. బక్‌వీట్‌లో సాగే గుణం లేదు, తిప్పేటప్పుడు చిరుగుతుంది. మూడో వంతు దాటనివ్వకండి. చేయి తిరిగాక సగం దాకా పోవచ్చు.

మాడడానికి చాలాసార్లు చక్కెరే కారణం. నేను చెప్పిన పెద్ద చెంచా ఈస్ట్‌కే సరిపోతుంది. తియ్యగా కావాలంటే తేనె, జామ్ పైన వేసుకోండి, పిండిలో కలపొద్దు. పిండి ఎక్కువసేపు పులిస్తే ఇంకో ఇబ్బంది: ఈస్ట్ చక్కెరంతా తినేస్తుంది, బ్లినీ ఎంతసేపు కాల్చినా పాలిపోయే ఉంటుంది, రుచి పులుపు. అప్పుడు మంట పెంచి లాభం లేదు.

గడ్డిమోపు:

బొమ్మ సంగతి నేను చెబుతాను. కాల్చాలా, ముంచాలా అని అడిగారు. రష్యా మాస్లెనిత్సలో ఆదివారం నాడు కాలుస్తారు. మజాన్నను చాలా చోట్ల ముందు నిప్పంటించి, ఆపైన నీళ్లలో పారేస్తారు.

మాస్లెనిత్స బొమ్మకు రెండున్నర మీటర్ల నిలువు కర్ర, మీటరున్నర అడ్డకర్ర చాలు. అడ్డకర్రను పై నుంచి ముప్పావు మీటరు కిందికి కట్టాలి. మేకు ఒక్కటే కొడితే గాలికి తిరుగుతుంది, ఇనుప తీగతో గుణకారం గుర్తులా చుట్టి బిగించండి. కర్ర అడుగు 50 నుంచి 60 సెంటీమీటర్లు నేలలో దిగాలి. నేల గడ్డకట్టి ఉంటే చుట్టూ దుంగలు పేర్చి ఆనిస్తారు. గడ్డిని పిడికెడు పిడికెడు కట్టలుగా కట్టి కింది నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి సగం పడేలా చుట్టుకుంటూ వస్తే లంగా ఆకారం దానంతటదే వస్తుంది. తలకు నూలు గుడ్డలో గడ్డి కూరి మూతి కట్టడమే. పైన రంగురంగుల లంగా, తలగుడ్డ, చేతిలో ఒక బ్లిన్ కూడా పెడతారు.

ఎక్కువమంది తప్పు చేసేది గడ్డి కూరడంలో. నిండుగా కనబడాలని బిగించి కుక్కుతారు. లోపలికి గాలి ఆడదు, బొమ్మ మండకుండా పొగచూరి గంటసేపు కమురుతుంది. గడ్డి చెమ్మగా ఉన్నా ఇదే తంతు, కాబట్టి ముందు రోజు రాత్రి మంచులో బయట నిలబెట్టకండి. రెండో తప్పు బట్టలు. నైలాన్, పాలిస్టర్ కరిగి మండుతూ బొట్లు బొట్లుగా కారతాయి. నూలు, నార బట్టలు తప్ప వేరేవి వద్దు. మూడోది కర్ర. ఎండిన సన్న కర్ర నడుమ కాలిపోతే బొమ్మ మంటతో సహా పక్కకు పడుతుంది. కింది మీటరు మందంగా, పచ్చిగా ఉండాలి. మనుషుల్ని బొమ్మ ఎత్తుకు కనీసం మూడు రెట్ల దూరంలో, గాలి వచ్చే వైపు నిలబెట్టాలి. రష్యా అగ్నిమాపక నియమాల్లో బయట పెట్టే మంటకు భవనాల నుంచి 50 మీటర్ల దూరం అడుగుతారు. స్థానిక అనుమతి వేరే కావాలి, పొడి గాలి వీస్తుంటే ఆ అనుమతి కూడా చెల్లదు. చల్లారిన బూడిదను పొలాల్లో చల్లడం పాత అలవాటు.

మజాన్న చిన్నది. మీటరు కర్ర, గడ్డి, తెల్లని గుడ్డ, పూసలు, రిబ్బన్లు. ఊరంతా తిప్పి ఊరి బయటి నీళ్ల దగ్గరికి తీసుకెళ్తారు. నీళ్లలో పడ్డాక దాన్ని ముట్టుకోకూడదు. తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు, తూలి పడకూడదు. చూస్తే జబ్బు చేస్తుందని, పడితే ఏడాది తిరక్కుండా ఇంట్లో ఎవరో పోతారని నమ్మకం. గడ్డి తేలుతుంది కాబట్టి మునగాలంటే లంగా అంచులో రాళ్లు కుట్టాలి. ఈ మధ్య బడుల్లో చెత్త నీళ్లలో వదలకూడదని తాడు కట్టి ముంచి పైకి లాగేస్తున్నారు. ప్లాస్టిక్ పూసలు, టిన్సెల్ వాడకండి, కాల్చినా ముంచినా అవి ముప్పే. వెళ్లేటప్పుడు చావును తీసుకెళ్తారు, వచ్చేటప్పుడు ఖాళీ చేతులతో రారు: రిబ్బన్లు, రంగు గుడ్డు పెంకులు కట్టిన పచ్చకొమ్మను ఊళ్లోకి తెస్తారు. దాన్ని పోలండ్‌లోని సిలేసియా ప్రాంతంలో గాయిక్ అంటారు. ఈ రెండో సగం వదిలేసి బొమ్మను మాత్రమే ముంచితే ఆచారం సగంలో ఆగినట్టే.

ఊరి_గట్టు:

గడ్డిమోపు గారూ, ఒక సవరణ. రష్యా అంతా బొమ్మను కాల్చేవారు అనుకోవద్దు. చాలా పల్లెల్లో బొమ్మే లేదు, ఇంటింటి నుంచి గడ్డి, పాత సామాన్లు, విరిగిన బండి చక్రాలు తెచ్చి పెద్ద మంట వేసేవారు. ఇప్పుడు ప్రతి పార్కులో ఒకేలాంటి బొమ్మ కనబడడానికి కారణం సోవియట్ కాలంలో "రష్యన్ శీతాకాలపు వీడ్కోలు" పేరుతో మతం ఊసు లేకుండా జరిపిన వేడుకలు. సైబీరియాలో మంచుతో కోట కట్టి గుర్రాల మీద దాన్ని పగలగొట్టే ఆట ఉండేది. రష్యన్ చిత్రకారుడు వసీలి సూరికోవ్ 1891లో గీసిన చిత్రంలో అదే ఉంది.

ఇంకోటి. బ్లిన్ గుండ్రంగా ఉంది కాబట్టి సూర్యుడి గుర్తు అని ఎక్కడ పడితే అక్కడ రాస్తారు. దానికి గట్టి ఆధారం లేదు, 19వ శతాబ్దపు పరిశోధకుల ఊహ అది. ఆచారాల్లో కనబడేది వేరు: బ్లినీ చనిపోయినవాళ్ల పేరున పెట్టే తిండి. మాస్లెనిత్స మొదటి బ్లిన్‌ను పెద్దల ఆత్మల కోసం కిటికీ దగ్గర పెట్టేవారు, లేదా వాళ్ల పేరు తలుచుకోమని బీదవాళ్లకు ఇచ్చేవారు.

ఉక్రెయిన్‌ను మరిచారు అందరూ. అక్కడ ఆ వారం తిండి బ్లినీ కంటే ముందు వరెనికి, అంటే పిండి పొరలో మెత్తని తాజా జున్ను పెట్టి ఉడికించి పైన మీగడ వేసినవి. గడ్డిబొమ్మ బదులు అక్కడ ఆటంతా ఒక చెక్క ముక్క చుట్టూ, పేరు కొలొద్కా. పెళ్లయిన ఆడవాళ్లు ఒకచోట చేరి సోమవారం దాన్ని గుడ్డల్లో చుట్టి పుట్టినట్టు చేస్తారు, మంగళవారం బాప్తిస్మం, గురువారం చావు, శుక్రవారం పూడ్చడం, శనివారం ఏడుపులు. పెళ్లి చేసుకోకుండా ఆ సీజన్ దాటించిన కుర్రాళ్లకు, అమ్మాయిలకు, వాళ్ల తల్లిదండ్రులకు కూడా కాలికి చిన్న చెక్క కట్టేస్తారు. పానీయమో డబ్బో ఇస్తే తప్ప విప్పరు. ఇందులో గడ్డి, మంట, నీళ్లు ఏవీ లేవు, అయినా వారం అదే.

ఓవెన్_పక్కన:

పిట్ట రొట్టెలు మిగిలిపోయాయి. రష్యాలో వీటిని జావొరొంకి అంటారు, లార్క్ పిట్టలన్నమాట. మార్చి 22న, సెబాస్టే అనే ఊళ్లో మతం కోసం ప్రాణాలిచ్చిన నలభై మంది వీరమరణుల పండుగ రోజు చేస్తారు. పాత (జూలియన్) క్యాలెండర్లో అది మార్చి 9. తేదీ కదలదు, కానీ ఆర్థడాక్స్ ఈస్టర్ ఎంత ముందొచ్చినా, ఎంత ఆలస్యమైనా మార్చి 22 ఎప్పుడూ ఉపవాసాల్లోనే పడుతుంది. అత్యంత ఆలస్యంగా, ఈస్టర్ మే 8న వచ్చినా ఉపవాసం మార్చి 21న మొదలైపోతుంది. అందుకే గుడ్డు, పాలు, వెన్న ఏ ఏడాదీ కుదరవు. నూనెకు మాత్రం ఆ పండుగ రోజు అనుమతి ఉంది, మిగతా పని రోజుల్లో కఠినంగా ఉండేవాళ్లు అది కూడా ముట్టరు.

500 గ్రాముల మైదా, 260 మి.లీ. గోరువెచ్చని నీళ్లు, 7 గ్రాముల డ్రై ఈస్ట్, 60 గ్రాముల చక్కెర, ఒక చిన్న చెంచా ఉప్పు. ఇవి ముద్దయ్యాక 60 మి.లీ. సన్‌ఫ్లవర్ నూనె పోసి పది నిమిషాలు పిసకండి. నూనె మొదటే పోస్తే పిండికి నీళ్లు సరిగా పట్టవు, సాగదు. గంట, గంటన్నర పొంగనిచ్చి 60 గ్రాముల ముద్దలు చేస్తే 14 పిట్టలు. ఒక్కో ముద్దను 20 సెంటీమీటర్ల తాడులా పామి వదులుగా ఒక ముడి వేయాలి. పైకి వచ్చిన కొస తల, నొక్కి ముక్కు తీయాలి. రెండో కొసను చదును చేసి కత్తితో మూడు గాట్లు పెడితే తోక. కళ్లకు ఎండుద్రాక్ష సగం ముక్కలు. ఊరికే అంటిస్తే ఓవెన్‌లో రాలిపోతాయి, పుల్లతో గుంట చేసి లోపలికి దించాలి.

ఆకారం చెడేది రెండోసారి పొంగేటప్పుడు. 15 నిమిషాలు దాటనిస్తే ముడి పూడుకుపోయి పిట్ట కాస్తా బన్ను అవుతుంది. 200 డిగ్రీల్లో 15 నుంచి 18 నిమిషాలు. మెరుపుకు గుడ్డు రాయలేరు కాబట్టి చిక్కని టీలో చక్కెర కలిపి కాల్చే ముందు ఒకసారి, తీసిన వెంటనే ఇంకోసారి పూయండి. కొన్ని ఊళ్లలో ఒక పిట్టలో నాణెం పెట్టి, అది ఎవరికొస్తే వాళ్ల చేత మొదటి విత్తనం వేయిస్తారు. పిల్లలు పిట్టల్ని కర్రలకు గుచ్చి మిట్టల మీదికి, కొట్టాల కప్పుల మీదికి ఎక్కి వసంతాన్ని పిలిచే పాటలు పాడతారు. తర్వాత తలలు తినకుండా పశువులకు వేయడం కూడా కొన్నిచోట్ల ఉంది.

ఆ నలభై మంది పేరున నలభై చేయాలనుకుంటే ముద్ద 22 గ్రాములు, తాడు 12 సెంటీమీటర్లు, ఓవెన్‌లో 10 నిమిషాలు. అంత చిన్నవాటికి తోక గాట్లు రెండు చాలు, మూడు పెడితే సన్నని పాయలు మాడిపోతాయి.